స్వచ్ఛంద రచయితలు, నిర్వాహకుల కొరత: తెలుగు వికీపీడియా, కోలారు సీమ

జీతం భత్యం లేకుండా, ఎవరికి వారే వచ్చి తలో చెయ్యీ వేసి, అంతర్జాలంలో ఒక ఉమ్మడి పనిని నిలబెట్టేవారిని సామూహిక రచనా సముదాయం అంటారు. 2001 జనవరిలో మొదలైన వికీపీడియా వీటిలో అందరికీ తెలిసినది. ప్రపంచ పటాన్ని జనం చేతే గీయిస్తున్న ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ 2004లో, ప్రోగ్రామర్ల ప్రశ్నలకు ప్రోగ్రామర్లే జవాబులు చెప్పే స్టాక్ ఓవర్‌ఫ్లో 2008లో వచ్చాయి. వీటన్నిటికీ రెండు రకాల మనుషులు కావాలి. రాసేవాళ్లు మొదటి రకం. రాసినదాన్ని కాపాడుతూ, తప్పుడు రాతలను తుడుస్తూ, తగవులు తీరుస్తూ ఉండేవాళ్లు రెండో రకం. ఈ రెండో రకాన్ని తెలుగు వికీపీడియాలో నిర్వాహకులు అంటారు. మొదటి రకమే తక్కువైన చోట రెండో రకం ఇంకా తక్కువ. ఆ కొరత ఎక్కడి నుంచి వస్తుందో, దాని దెబ్బ ముందుగా ఎవరి మీద పడుతుందో తెలుగు వికీపీడియా ఆధారంగానూ, కర్ణాటకలోని కోలారు జిల్లా, కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ వంటి సరిహద్దు తెలుగు సీమ ఆధారంగానూ ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

పాఠకుడి నుంచి నిర్వాహకుడి దాకా

ఏ ఆన్‌లైన్ సముదాయంలోనైనా చదివేవారు కోకొల్లలు, రాసేవారు కొద్దిమంది. వంద మందిలో తొంభై మంది చదివి వెళ్లిపోతారని, తొమ్మిది మంది అప్పుడప్పుడు ఓ చెయ్యి వేస్తారని, మిగిలిన ఒక్కరే పనిలో అధిక భాగం మోస్తారని వెబ్ నిపుణుడు జేకబ్ నీల్సన్ 2006లో చెప్పిన సూత్రం బాగా ప్రచారంలో ఉంది. లెక్క ప్రతిచోటా అచ్చంగా అలాగే ఉండదు. వికీపీడియాలో ఆ ఒక్కరు కూడా దొరకరు.

2011 జనగణన ప్రకారం దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవారు 8 కోట్లకు పైగా ఉన్నారు. తెలుగు వికీపీడియాలో నెలకు కనీసం ఐదు దిద్దుబాట్లు చేసేవారు చాలా నెలల్లో వంద లోపే. నిర్వాహకులైతే వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మంది. నిర్వాహకులు ఆకాశం నుంచి ఊడిపడరు. రోజూ రాసేవారిలో కొందరు ఇతరుల రాతలు సరిచూడడం మొదలుపెడతారు, వారిలో కొందరికి సముదాయం బాధ్యత అప్పగిస్తుంది. కింది మెట్టు మీద వంద మందే ఉంటే పై మెట్టుకు పది మంది చేరడమే గొప్ప. అందుచేత నిర్వాహకుల కొరత నిజానికి రచయితల కొరతే. దాన్ని విడిగా పరిష్కరించడం కష్టం.

తెలుగు వికీపీడియాలో ఆటుపోట్లు

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో పుట్టింది. దానికి ఆద్యుడు వెన్న నాగార్జున. లిప్యంతరీకరణకు ‘పద్మ’ అనే ఉపకరణాన్ని తయారు చేసిన వ్యక్తి కూడా ఆయనే. మొదటి ఏడాదిన్నరలో పెద్దగా కదలిక లేదు. తెరమీద తెలుగు కనిపించడమే కష్టంగా ఉన్న రోజులవి. యూనికోడ్ అలవాటై, ‘లేఖిని’ వంటి టైపింగు సాధనాలు చేతికి వచ్చాక పని ఊపందుకుంది. 2006 నవంబరులో ఈనాడు ఆదివారం అనుబంధం తెలుగు వికీపీడియాను పరిచయం చేయగానే కొత్త సభ్యులు వెల్లువెత్తారు. అలా వచ్చినవారిలో అత్యధికులు ఒకటి రెండు దిద్దుబాట్లతో ఆగిపోయారు. ఆగనివారు కొందరు ఆ తరువాత ఏళ్ల తరబడి వికీకి వెన్నెముకగా నిలిచారు. పత్రికలో వ్యాసం, కళాశాలలో కార్యశాల, పుస్తక ప్రదర్శనలో స్టాలు, రచనా పోటీ: వీటిలో దేనికైనా ఇదే తీరు. వందమంది వస్తారు, ఇద్దరు మిగులుతారు. ఆ ఇద్దరి కోసం ఆ శ్రమ పడవలసిందే.

సముదాయం తనను తాను ఉత్సాహపరచుకోవడానికి చేసిన పనులు తక్కువేమీ కావు. పదేళ్ల పండుగ 2014 ఫిబ్రవరిలో విజయవాడలో జరిగింది, మరుసటి ఏడు తిరుపతిలో కలుసుకున్నారు, ఇరవయ్యేళ్ల పండుగ 2024 జనవరిలో విశాఖపట్నంలో చేసుకున్నారు. కృషి చేసినవారిని గౌరవించే పురస్కారానికి కొమర్రాజు లక్ష్మణరావు పేరు పెట్టుకున్నారు. ఆ పేరు ఎంచుకోవడం ఎంతో సమంజసం. ఆంధ్ర విజ్ఞాన సర్వస్వాన్ని తలకెత్తుకుని, మూడు సంపుటాలు వెలువడ్డాక, పని సగంలో ఉండగానే 1923లో ఆయన కన్నుమూశారు. ఒక్కరి భుజాల మీద నిలిచిన విజ్ఞాన సర్వస్వం ఆ ఒక్కరితోనే ఆగిపోతుందని తెలుగువారికి అప్పుడే అనుభవంలోకి వచ్చింది. వ్యక్తిగత పట్టుదలకూ లోటు లేదు. ప్రణయ్‌రాజ్ వంగరి 2016 సెప్టెంబరులో రోజుకో వ్యాసం చొప్పున మొదలుపెట్టి, ఏడాదితో ఆపకుండా వెయ్యి రోజులు దాటించారు. 2024లో తెలుగు వికీపీడియా లక్ష వ్యాసాల మైలురాయి చేరింది.

లక్ష వ్యాసాలంటే లక్ష పేజీలకు కాపలా కాయాలన్నమాట. ఈ మాట సంబరాల్లో ఎవరూ అంతగా తలచుకోరు.

నిర్వాహకుడి పని

వికీపీడియాలో ఎవరైనా రాయవచ్చు, దిద్దవచ్చు, ముందరి కూర్పుకు తిప్పవచ్చు. నిర్వాహకుడికి అదనంగా ఉండేవి ప్రధానంగా మూడు: పేజీని తొలగించడం, పేజీని సంరక్షించడం, వాడుకరిని నిరోధించడం. రాతలో ఏది ఉండాలన్న విషయంలో అతని మాటకు ఇతరుల మాటకంటే బరువేమీ ఎక్కువ కాదు. కోలారు సీమలో చెరువు నీటిని పొలాలకు వంతుల వారీగా వదిలే నీరుగంటి ఉంటాడు. చెరువు అతనిది కాదు, నీళ్లూ అతనివి కావు, గట్టు తెగకుండా, ఒకరి వంతు మరొకరు కాజేయకుండా చూడడమే అతని పని. నిర్వాహకుడి స్థానం అలాంటిదే.

ఈ పని దగ్గరనుంచి ఎలా ఉంటుందో చూడాలంటే ఒక్క దిద్దుబాటు తీసుకుంటే చాలు. కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ వ్యాసంలో గనులు మూతపడిన తేదీని ఎవరో అజ్ఞాత వాడుకరి మార్చారనుకుందాం. ‘ఇటీవలి మార్పులు’ పేజీలో అదొక వరుసగా కనిపిస్తుంది. పక్కన ఉన్న ‘తేడా’ నొక్కితే పాత కూర్పు, కొత్త కూర్పు పక్కపక్కన తెరుచుకుంటాయి. మార్చినవారు మూలం ఇవ్వలేదు. తప్పని కొట్టేయడానికి ముందు సరిచూడాలి. భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ గనుల్ని 2001 ఫిబ్రవరి 28న మూసివేసినట్టు ఆధారం దొరుకుతుంది. దిద్దుబాటును వెనక్కి తిప్పి, సారాంశంలో కారణం రాసి, ఆ వాడుకరి చర్చాపేజీలో మర్యాదగా ఒక గమనిక పెట్టాలి. అదే వాడుకరి చేసిన మిగతా మార్పులన్నీ తెరిచి చూడాలి. మళ్లీ అదే మార్పు చేస్తే హెచ్చరించాలి, అప్పటికీ ఆగకపోతే నిరోధించాలి. ఒక అంకె కోసం అరగంట. పాఠకుడికి ఈ అరగంట ఎప్పటికీ కనబడదు. అంతా సవ్యంగా ఉన్నప్పుడు నిర్వహణ కంటికి ఆనదు. ఆనకపోవడమే కొత్తవారు ఆ పని వైపు రాకపోవడానికి ఒక పెద్ద కారణం.

దుశ్చర్యలను ఆపడం ఇందులో చిన్న భాగమే. బరువంతా మామూలు నిర్వహణలో ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కలిపి పాతిక వేలకు పైగా రెవెన్యూ గ్రామాలకు తెలుగు వికీపీడియాలో వ్యాసాలు నింపే పని 2011 జనగణన వివరాలతో ఏళ్ల తరబడి సాగింది. అది సాగుతుండగానే 2016 అక్టోబరులో తెలంగాణ జిల్లాలు పది నుంచి ముప్పై ఒకటయ్యాయి, 2019లో మరో రెండు చేరాయి. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్ పదమూడు జిల్లాలు ఇరవై ఆరయ్యాయి. ఒక్క ప్రభుత్వ ఉత్తర్వుతో వేల పేజీల్లో జిల్లా పేరు, రెవెన్యూ డివిజను, మూసలు, వర్గాలు, పటాలు అన్నీ పాతబడ్డాయి. బాటు (తనంతట తానే దిద్దే ప్రోగ్రాము) నడిపి కొంత మార్చవచ్చు. మిగిలింది మనిషి కూర్చుని చూడాలి. కూర్చున్నవారు పది మందైనా లేరు, కానీ ఆ పని జరిగింది. తెలుగు విజ్ఞానానికి సంబంధించిన అతి పెద్ద సేవల్లో అదొకటని, దానికి దక్కవలసిన గుర్తింపు దక్కలేదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

కొరతకు కారణాలు

ఇంగ్లీషు వికీపీడియాలో చురుకైన రచయితల సంఖ్య 2007లో శిఖరానికి చేరి తరువాత దిగింది. కొత్త నిర్వాహకుల ఎన్నిక కూడా ఆ ఏడాదే నాలుగు వందలు దాటింది. 2018లో పది మంది, 2021లో ఏడుగురు. ఈ పతనం మీద ఆరన్ హాఫేకర్ బృందం 2013లో ప్రచురించిన అధ్యయనం ఒక సంగతి పైకి తెచ్చింది. నాణ్యత కోసం పెట్టుకున్న నియమాలు, యాంత్రిక ఉపకరణాలు మంచి మనసుతో వచ్చిన కొత్తవారి మొదటి రాతలను సైతం కొట్టేస్తున్నాయని, అలా కొట్టివేతకు గురైనవారు తిరిగి రావడం లేదని దాని సారాంశం. ఎన్నిక ప్రక్రియ కూడా అగ్నిపరీక్షగా మారింది. అభ్యర్థి ఏళ్ల కిందట రాసిన వ్యాఖ్యను తవ్వి తీసి వారం పాటు నిలదీస్తుంటే అర్హులే వెనుకంజ వేశారు.

తెలుగులో కథ వేరు. ఇక్కడ ఎన్నిక కఠినమైనది కాదు, ప్రతిపాదించినవారికి సాధారణంగా మద్దతే వస్తుంది. నిలబడేవారే లేరు. ఉద్యోగాలు, పిల్లల చదువులు, వలసలు, అనారోగ్యాలు అందరికీ ఉన్నవే. వెయ్యి మంది ఉన్నచోట పదిమంది తప్పుకుంటే లెక్కలోకి రాదు, పదిహేను మంది ఉన్నచోట ముగ్గురు తప్పుకుంటే ఒక విభాగం మొత్తం మూలపడుతుంది. సముదాయపు చర్చావేదిక అయిన రచ్చబండలో జరిగే వాదనలు మరో కారణం. రాసేవారు కొద్దిమందే కావడంతో అభిప్రాయభేదం ఇద్దరి మధ్య తగవుగా మారడానికి ఎంతోసేపు పట్టదు. తీర్పు చెప్పాల్సిన మూడో మనిషి కూడా అప్పటికే ఏదో ఒక పక్షంలో మాట్లాడి ఉంటాడు. మహిళల భాగస్వామ్యం ఎంతో తక్కువ కావడం చాలా భాషల వికీపీడియాలకు ఉన్న జబ్బే.

నియమాల పరంగానూ చిన్న వికీలకు కొన్ని తలుపులు మూసుకుపోతాయి. ఒకే మనిషి నాలుగు ఖాతాలతో చర్చల్లో ఓటేస్తున్నాడన్న అనుమానం వస్తే సాంకేతికంగా తనిఖీ చేసే చెక్‌యూజర్ అధికారం ఉండాలి. స్థానికంగా ఆ అధికారం పొందడానికి కనీసం పాతిక మంది మద్దతు కావాలన్నది వికీపీడియాలన్నిటికీ మాతృసంస్థ అయిన వికీమీడియా నియమం. పాతిక మంది ఓటేసే చర్చ తెలుగులో జరగడమే అరుదు. అందువల్ల ప్రతి అనుమానానికీ అన్ని వికీలకూ ఉమ్మడి వేదికైన మెటా-వికీకి వెళ్లి, అన్ని వికీల మీదా అధికారాలుండి తెలుగు రాని స్టీవార్డులకు ఇంగ్లీషులో విషయం వివరించవలసి వస్తుంది. రెండేళ్లుగా ఒక్క దిద్దుబాటూ, ఒక్క నిర్వాహక చర్యా చేయనివారి హోదాను తొలగించే ప్రపంచ స్థాయి విధానం 2013 నుంచి ఉంది. అది న్యాయమైనదే. జాబితాలో ఉన్న పేర్లు, నిజంగా పనిచేస్తున్న చేతులు ఒకటి కావని అది బయటపెట్టింది.

కోలారు: అందరిదీ, ఎవరిదీ కాని వ్యాసం

కోలారు జిల్లా తూర్పున చిత్తూరు జిల్లాను ఆనుకుని ఉంటుంది. ముళబాగిలు, శ్రీనివాసపురం, బంగారుపేట తాలూకాల్లో ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం మాట్లాడే కుటుంబాలు ఊరూరా ఉన్నాయి. కర్ణాటకలో తెలుగు మాతృభాషగా ఉన్నవారు 2011 జనగణనలో 35 లక్షలు దాటారు. 2007లో కోలారు నుంచి విడిపోయిన చిక్కబళ్లాపురం జిల్లాలోని కైవారంలో నారేయణ యతీంద్రులు తెలుగులోనూ కన్నడంలోనూ తత్వాలు చెప్పారు. ముళబాగిలులో పుట్టిన డి.వి.గుండప్ప, మాలూరు తాలూకా వాడైన మాస్తి వెంకటేశ అయ్యంగార్ కన్నడ సాహిత్యానికి మూలస్తంభాలు. ఒకే నేలకు రెండు మూడు భాషల్లో చరిత్ర ఉంది.

కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ దగ్గరికి వస్తే ఇది మరింత చిక్కబడుతుంది. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ గనుల్లోకి దిగింది. 1902లో శివనసముద్రం జలవిద్యుత్ కేంద్రం నుంచి కరెంటు తీగలు వచ్చాయి. గనులు 1956లో మైసూరు ప్రభుత్వం చేతికి, ఆ పైన కేంద్రం చేతికి వెళ్లి 1972లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ అయ్యాయి. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు మించిన లోతుకు దిగింది. ఆ గని లోతుల్లోనే 1965లో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ శాస్త్రవేత్తలు బ్రిటిష్, జపాన్ సహచరులతో కలిసి వాతావరణంలో పుట్టిన న్యూట్రినోల జాడ పట్టుకున్నారు. గనిలో దిగినవారిలో తమిళులు ఎక్కువ, చిత్తూరు వైపు నుంచి వచ్చిన తెలుగువారూ ఉన్నారు. గుమాస్తాలు, వ్యాపారులు, అధికారులు తలో దిక్కు నుంచి వచ్చారు.

ఇలాంటి ఊరి గురించి సమగ్రంగా రాయాలంటే గనుల ఇంజనీరింగు తెలిసినవారు, కణ భౌతికశాస్త్రం తెలిసినవారు, కార్మికోద్యమ చరిత్ర చదివినవారు, తమిళ కన్నడ పత్రికలు తిరగేయగలిగినవారు కలవాలి. సామూహిక రచన పుట్టింది ఇలాంటి పనికోసమే. జరిగేది వేరు. తెలుగు వికీపీడియాలో ఉన్న కొద్దిమంది దృష్టి సహజంగానే ఆంధ్రప్రదేశ్, తెలంగాణల మీద ఉంటుంది. కన్నడ వికీపీడియా వారికి వాళ్ల బరువులు వాళ్లకున్నాయి. తమిళ వికీపీడియాకు ఇది పొరుగు రాష్ట్రంలోని ఊరు. మూడు భాషల్లోనూ చోటున్న విషయం మూడింటిలోనూ అంచున ఉంటుంది. నిర్వాహకులు తక్కువైన చోట ముందుగా ఎండేది అంచులే. నడిమి భాగంలో తప్పు దొర్లితే ఎవరో ఒకరు చూస్తారు. అంచున దొర్లిన తప్పు ఏళ్ల తరబడి అలాగే ఉండి, అక్కడి నుంచి పత్రికల్లోకి, పాఠాల్లోకి పాకుతుంది.

2018 డిసెంబరులో, 2022 ఏప్రిల్‌లో వచ్చిన ‘కె.జి.ఎఫ్.’ సినిమాలు ఈ ఊరి పేరును దేశమంతటికీ తెలిపాయి. సినిమా కథ కల్పితం. అందులోని గనిని, మనుషులను అసలు చరిత్రతో కలిపేసుకునేవారికి కొదవ లేదు. కల్పనను, చరిత్రను వేరు చేసి చూపవలసిన చోటు విజ్ఞాన సర్వస్వమే. ఇంత ఆసక్తి ఉన్న పేజీని కనిపెట్టుకుని ఉండే కాపలాదారులు కావాలి.

స్థానికులు ఎందుకు రాయరన్న ప్రశ్నకు జవాబు వాళ్ల దినచర్యలో దొరుకుతుంది. గనులు మూతపడ్డాక ఊరి జీవనాధారం బెంగళూరుకు మారింది. తెల్లవారకముందే మారికుప్పం స్టేషను నుంచి బయలుదేరే రైళ్లలో వేలమంది బెంగళూరు పనులకు వెళ్లి రాత్రికి తిరిగి వస్తారు. పోనూ రానూ నాలుగైదు గంటలు ప్రయాణానికే సరి. స్వచ్ఛంద సేవ తీరిక ఉన్నవారికే సాధ్యమన్నది ఈ రంగం గురించి సాధారణంగా ఎవరూ బిగ్గరగా చెప్పని నిజం. పైగా ఇక్కడి తెలుగువారిలో చాలామంది తెలుగు మాట్లాడతారు కాని, కన్నడ మాధ్యమంలో చదివినందువల్ల తెలుగు లిపి రాయడం అలవాటు లేనివారు. ఊరి గురించి వాళ్లకు తెలిసిందంతా జ్ఞాపకాల్లో, మాటల్లో ఉంది. దాన్ని కాగితం మీద పెట్టేదెవరు?

కొరత ముదిరితే

కాపలా పలచబడిన చోట రెండు రకాల కీడు జరుగుతుంది. ఒకటి, కొద్దిమంది చేతుల్లో వికీ చిక్కుకుపోవడం. క్రొయేషియన్ వికీపీడియాను ఒక చిన్న వర్గం దాదాపు పదేళ్లు తన రాజకీయాలకు అనుగుణంగా నడిపి, భిన్నంగా రాసినవారిని నిరోధిస్తూ వచ్చిందని వికీమీడియా ఫౌండేషన్ తరఫున 2021లో వెలువడిన నివేదిక తేల్చింది. రెండోది, అసలు చూసేవారే లేకపోవడం. స్కాట్స్ భాషా వికీపీడియాలో వేల వ్యాసాలు ఆ భాష రాని ఒక అమెరికా కుర్రవాడు రాసినవని 2020లో బయటపడింది. అతను దురుద్దేశంతో చేసినవాడు కాదు. ఆ వికీకి అతను నిర్వాహకుడు కూడా. ఇది సరైన భాష కాదని చెప్పేవారు అన్నేళ్లూ లేకపోయారు.

తెలుగుకు ఇంత పెద్ద ఆపద రాలేదు, ఛాయలు మాత్రం కనిపించాయి. 2009 తరువాత గూగుల్ సంస్థ జీతమిచ్చి అనువాదకులతో తన పనిముట్టు ద్వారా భారతీయ భాషల వికీపీడియాల్లో వ్యాసాలు పెట్టించింది. తెలుగులో అవి సుమారు రెండు వేలు. అనువదించినవారు సముదాయంలో భాగం కారు, చర్చాపేజీలో అడిగితే జవాబు రాదు, భాష కొరుకుడు పడదు. బంగ్లా వికీపీడియా వారు గట్టిగా అడ్డుకున్నారు. తమిళులు ఆ సంస్థతో మాట్లాడి షరతులు పెట్టారు. తెలుగులో అంత మంది లేరు. ఆ వ్యాసాల్లో పనికిరానివాటిని ఏరి తొలగించడం చాలా ఏళ్ల తరువాత, మళ్లీ ఆ కొద్దిమందికే పనిగా తగిలింది. ఇప్పుడు యాంత్రిక అనువాదం, కృత్రిమ మేధ రాతలు అంతకంటే ఎన్నో రెట్ల వేగంతో వచ్చి పడుతున్నాయి. రాయడం నిమిషాల పనయింది, సరిచూడడం ఇంకా గంటల పనే. 2023 వేసవిలో స్టాక్ ఓవర్‌ఫ్లో మోడరేటర్లు రెండు నెలలు సమ్మె చేసింది కూడా ఇలాంటి యంత్ర రచనలను అదుపు చేసే అధికారం గురించే.

నివారణ ప్రయత్నాలు

చిన్న వికీల్లో కొద్ది నెలల గడువుతో తాత్కాలిక నిర్వాహకులను నియమించే పద్ధతి ఉంది. ఇంగ్లీషు వికీపీడియా 2024 అక్టోబరులో రహస్య ఓటింగుతో నిర్వాహక ఎన్నికలు జరిపి ఒక్కసారే పదకొండు మందిని ఎన్నుకుంది. అక్కడి ఏళ్ల వెలితితో పోలిస్తే ఇది పెద్ద ఊరట. సంస్థల వైపు నుంచి సాయం ఒడిదుడుకులతో వచ్చింది. వికీమీడియా ఇండియా చాప్టర్ 2011లో బెంగళూరులో నమోదైంది, దాని తొలి అధ్యక్షుడు తెలుగు వికీపీడియా నిర్వాహకుడే. 2019లో ఆ సంస్థ గుర్తింపు రద్దయింది. బెంగళూరులోనే ఉన్న సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ 2012 నుంచి తెలుగుతో సహా కొన్ని భాషల్లో కార్యశాలలు, ప్రాజెక్టులు నడిపింది. కార్యశాలకు డబ్బు దొరుకుతుంది. కార్యశాల అయిపోయాక కొత్తవాడి పక్కన ఆరు నెలలు కూర్చునే మనిషి దొరకడమే కష్టం.

కోలారు వంటి సీమకు నిర్వాహకుల కంటే ముందు వారధులు కావాలి. రెండు లిపులు వచ్చినవారు కన్నడ వ్యాసంలోని మూలాలను తెలుగులోకి, తెలుగు వ్యాసంలోని సంగతులను కన్నడంలోకి చేరవేయవచ్చు. తెలుగు రాయడం రానివారు ఛాంపియన్ రీఫ్ షాఫ్టులను, మారికుప్పం స్టేషనును, కార్మికుల వరుస ఇళ్లను ఫోనుతో తీసి, అన్ని వికీలకూ ఉమ్మడి చిత్రాల భండారమైన వికీమీడియా కామన్స్‌లో పెట్టవచ్చు. ఒక ఫోటో ఎన్ని భాషలకైనా పనికొస్తుంది. బి.లూయిస్ రైస్ 1905లో ప్రకటించిన ఎపిగ్రాఫియా కర్ణాటికా పదో సంపుటం మొత్తం కోలారు జిల్లా శాసనాలదే, కాపీహక్కులు ఎప్పుడో తీరిపోయాయి. ఊరి పేరు పట్టుకుని అందులో వెతికితే చాలా గ్రామాల మొలక వ్యాసాలకు (ఇంకా ఎదగని చిన్న వ్యాసాలకు) గట్టి ఆధారం దొరుకుతుంది. ఒక కళాశాల చరిత్ర శాఖ తలచుకుంటే తాలూకాకు ఇద్దరు విద్యార్థులు చాలు. వాళ్ల మొదటి దిద్దుబాట్లు తప్పులతోనే ఉంటాయి. వాటిని కొట్టేసి ఊరుకోకుండా దిద్ది చూపించే పాత వాడుకరి అవతల ఉండాలి. అలాంటి పాత వాడుకరులు తెలుగు వికీపీడియాలో ఇవాళ్టికీ కొందరున్నారు, రోజూ ఇటీవలి మార్పులు తెరిచి చూస్తూనే ఉన్నారు.